వానకి పట్టేసే తలుపు

ఊరకరారు మహానుభావులు అంటారు. ఊరకే ఇచ్చేవాళ్ళ గురించి పెద్దలు ఏమీ అనలేదు గానీ, నన్నడిగితే వాళ్ళని ఇంకా ఎక్కువ అనుమానించాలి. మొన్న ఎండాకాలంలో సుభద్ర ఫోన్ చేసి, "ఇల్లు పడగొట్టేస్తున్నామండీ, ఫ్లాట్లు కడతారట. వంటింటి తలుపు మీ నాన్నగారు చేసిందే కదా, మీకు పంపించమంటారా?" అని అడిగితే నేను వెంటనే సరే అనలేదు. పాత టేకు తలుపు అది. అలాంటి వాటి కోసం కలకత్తా నుంచి మనుషులొచ్చి వ్యానులో వేసుకుపోతున్న రోజులు. ఊరకే ఎందుకిస్తోంది? చెద పట్టిందా? లేక రేపు ఇంకేదో అడగడానికి ఇవాళ ఇది ముందరేస్తోందా? ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేశాను. తర్వాత సాయంత్రం వరకూ ఏ పనీ చెయ్యలేకపోయాను. మర్నాడు పొద్దున్నే పంపించమని నేనే చెప్పాను.

ఈ అనుమానం గుణం నాకు ఇద్దరి దగ్గర నుంచి అబ్బింది. పుట్టుకతో మా అమ్మ నుంచి, సావాసంతో సుభద్ర అత్తగారు కనకరత్నమ్మ గారి నుంచి. మా అమ్మ పాలవాడిని నమ్మేది కాదు, పాలల్లో నీళ్ళు లేకపోతే "ఈయేళ ఏటో మంచి పాలు పోసినాడు, దేనికో" అని ఇంకాస్త అనుమానించేది. కనకరత్నమ్మ గారి ముందు మా అమ్మ అనుమానం పిల్లకాలువ లాంటిది. ఆవిడ అనుమానాన్ని గెలవడం మీదే ఒకప్పుడు మేము ఖరగ్‌పూర్‌లో ఉండడమో, ఊరు వదిలి పోవడమో ఆధారపడి ఉంది. అదే ఇప్పుడు చెప్పబోయేది.

అప్పుడు మేము ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న అప్పలస్వామి వర్క్‌షాప్‌లో బోగీల చెక్కపని చేసే కార్పెంటర్. పొద్దున్న సైరన్ మోగితే సైకిలెక్కి పోయేవాడు, సాయంత్రం సైరన్‌కి మా వీధిలో మగవాళ్ళందరి సైకిళ్ళూ ఒక్కసారే వచ్చేవి. ఆదివారాలూ సెలవురోజులూ బయట పనులు చేసేవాడు. మా వరండా ఎప్పుడూ చెక్క వాసన వేసేది. పక్కింటి బెంగాలీ వాళ్ళ ఆవనూనె వాసన ఒకవైపు నుంచి, మా అమ్మ ఎండబెట్టిన ఉల్లి వడియాల వాసన ఇంకోవైపు నుంచి వచ్చినా ఆ చెక్క వాసనదే పైచెయ్యి. చిత్రిక పట్టిన పొట్టు చుట్టలు చుట్టలుగా గోనె సంచిలో నింపి అమ్మ పొయ్యి రాజెయ్యడానికి దాచుకునేది. నాన్న చెక్కని ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు, తర్వాతే చేత్తో తడిమేవాడు. చిత్రిక పట్టే రందా తీసి, పనికి దిగేముందు దాని ఇనప నాలుకని గోటి మీద ఆనించి పదును చూసేవాడు. నేను పక్కన కూర్చుంటే, "అమ్మీ, దూరంగా కూకో, కంట్లో పడతాది" అనేవాడు. నేను జరిగేదాన్ని కాదు.

నాన్నకి రిటైర్‌మెంట్ దగ్గర పడుతోంది. ఉద్యోగం అయిపోతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. మా వీధిలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు లారీలో సామాను వేసుకుని శ్రీకాకుళం వైపు వెళ్ళిపోతుండేవారు. వాళ్ళకి అక్కడ కాస్తో కూస్తో పొలం ఉండేది. మాకు పల్లెలో మిగిలింది తాతగారి వాటా కింద ఒక గోడ, దానికి ఆనుకుని పెదనాన్న కొడుకులు కట్టుకున్న పశువుల పాక. అక్కడ తలుపులు చేయించుకునేవాళ్ళు ఎవరూ లేరు, చాలామందికి తడికలే. పైగా నేను ఇక్కడే ఇందా పేటలో కాలేజీలో చదువుతున్నాను. పల్లెకి పోతే నా చదువు అక్కడితో సరి. "బయట పనులు గట్టిగా పట్టుకోగలిగితే ఇక్కడే ఓ రెండు గదులు అద్దెకి తీసుకుందుం" అని నాన్న అనేవాడు. పట్టుకోవాలంటే ఊళ్ళోని మలంచా పేటలో పట్టుకోవాలి. కోస్తా నుంచి వచ్చి బజార్లో కొట్లు పెట్టుకున్న తెలుగువాళ్ళు అప్పుడు మలంచాలో వరసగా సొంత ఇళ్ళు కడుతున్నారు. ఆ ఇళ్ళన్నింటికీ ఏ మేస్త్రీ మంచివాడు, ఏ వడ్రంగి దొంగ అని తీర్పు చెప్పేది ఒక్క కనకరత్నమ్మ గారే.

వాళ్ళది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. మగవాళ్ళు పొద్దుటే కొట్టుకి పోతే చీకటి పడ్డాకే రాక. ఆవిడ ఇల్లు కట్టించడం మొదలుపెట్టాక వడ్రంగులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పోయారు. ఒకడు చెక్క మార్చేశాడట. ఒకడు మాటిమాటికీ మంచినీళ్ళడిగి లోపలికి తొంగి చూశాడట. ఒకడు ఏ తప్పూ చెయ్యలేదట, అదే ఆవిడకి నచ్చలేదు. "ఏ తప్పూ చెయ్యనివాడు ఏదో పెద్దది దాచాడన్నమాట" అందట. ఇవన్నీ విని కూడా మా నాన్న వెళ్ళాడు. ఆవిడ వంటింటి తలుపు ఒక్కటి ఇచ్చింది, అదీ పరీక్షకి.

"ముందే చెబుతున్నాను అప్పలస్వామీ" అంది ఆవిడ. "ఇంట్లో ఆడవాళ్ళమే ఉంటాం. మగమనిషివి ఒక్కడివీ రావడానికి వీల్లేదు. మీ ఇంటి నుంచి ఆడమనిషిని ఎవరినైనా వెంటబెట్టుకుని రా."

అమ్మ వెళ్ళనంది. "నానెల్లి ఆ ఇంట్లో కూకుంటే నా కోక కొంగులో ఏటుందో ఇప్పి సూపించమంటాది" అంది. దాంతో నేను వెళ్ళేదాన్ని, పుస్తకం పట్టుకుని. కనకరత్నమ్మ గారు వంటింటి గడప ఎదురుగా ఎత్తుపీట వేసుకుని నాన్న చేతులు చూస్తూ కూర్చునేది. నేను గోడవారన కూర్చుని ఆవిడని చూసేదాన్ని. తెల్లగా, సన్నగా, పెద్ద కుంకుమబొట్టుతో ఉండేది. చేతిలో ఎప్పుడూ తమలపాకులు, సున్నం డబ్బీ. ఒక్కోసారి నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ పేజీ ఇందాకట్నుంచీ తిప్పలేదేం?" అనేది. నేను గబుక్కున తిప్పేసేదాన్ని. అప్పుడప్పుడే కొత్తగా కాపురానికి వచ్చిన సుభద్ర వంటింట్లోంచి నన్ను చూసి నవ్వు ఆపుకునేది.

ఆవిడ పెట్టిన షరతు ఒకటే. తలుపు మూస్తే ద్వారబంధానికీ తలుపుకీ మధ్య తమలపాకు దూరకూడదు. "ఆకు దూరిందంటే తలుపు విప్పుకుని పట్టుకుపో" అంది. నాన్న సరేనని తల ఊపాడు. మంచి ఎండల రోజులు అవి, ఖరగ్‌పూర్ ఎర్రమట్టి నేల నెర్రెలిచ్చి ఉంది, చెక్క ఎండి గలగలమంటోంది. తలుపు బిగించిన రోజున ఆవిడ లేత ఆకు ఒకటి ఏరి, పైనుంచి కింద దాకా సందులో దూర్చి చూసింది. ఎక్కడా దూరలేదు. ఆవిడ ముఖంలో సంతోషం కనిపించకపోగా చిన్నబోయినట్టు అయింది. అంతలో తలుపు మూల నాన్న పెన్సిల్‌తో గీసిన గీత ఒకటి తుడవకుండా ఉండడం కనిపించింది. "ఇదేమిటి ఇది? ఇదేనా పని? ఎవరింట్లోనైనా ఇలా వదిలేస్తావా?" అని ఆవిడ అందుకుంది. నాన్న తల వంచుకుని తడిగుడ్డతో తుడిచాడు. ఆవిడ కడుపు నిండినట్టు పీట మీద వెనక్కి వాలింది.

ఇంటికి వస్తూ అడిగాను. "ఆ గీత ముందే సూసినావు నువ్వు. తుడవనేదు ఎందుకు నాన్నా?"

"ఉండాల అమ్మీ. ఆవిడికి ఏదో ఒకటి దొరకాల. అది దొరక్కపోతే నానెరగని తప్పు ఎతుకుతాది" అన్నాడు సైకిల్ నడిపిస్తూ.

ఆ మాట నాకు నచ్చలేదు. తెలివైన మాటే, కానీ తెలివి ఎక్కడ ఆగి టక్కరితనం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. ఆ రోజు భోజనాల దగ్గర విన్నది ఇంకా నచ్చలేదు. "ఈ తలుపు వానలు పడితే పట్టేస్తాది" అని నాన్న అమ్మతో మామూలుగా అన్నాడు. "మరావిడికి సెప్పినావా?" అంది అమ్మ. "సెప్పనేదు." అమ్మ గరిటె పట్టుకుని ఆయన వైపు అలాగే చూసింది. "నీ బుర్రలో ఏటుందో దేవుడికే తెలాల" అని చారు పోసింది. నాకూ అదే అనిపించింది. పట్టేస్తే మళ్ళీ పిలుస్తారు, పిలిస్తే మళ్ళీ పని దొరుకుతుంది. మా నాన్న అలాంటివాడా? అవునో కాదో తేల్చుకోలేక నేను చాలాకాలం ఆయన్ని ఓరకంటితో చూశాను.

మొదటి వాన మంచి ఊపు మీద పడింది. మా వరండాలో బకెట్లు పెట్టుకున్నాం. వాన కాస్త తెరిపిచ్చిన మొదటి సెలవురోజున నాన్న రందా తీసి పదును పెట్టాడు. దాన్నీ, స్క్రూ డ్రైవర్‌నీ, జానెడు టేకు ముక్కనీ సంచిలో వేసుకుని, "రా అమ్మీ" అన్నాడు. "ఎవులు పిల్సినారు?" అంది అమ్మ. "ఎవులూ పిలవనేదు." "పిలవని పేరంటానికి పోతున్నావు. ఆ సెక్క ముక్క ఏటికి?" "తలుపు కింద పెట్టుకోడానికి" అన్నాడు.

కనకరత్నమ్మ గారి వంటింటి తలుపు పొద్దున్నే పట్టేసింది. ఆవిడా సుభద్రా కలిసి నెడితేగానీ తెరుచుకోలేదట. ఆవిడ అగ్గి మీద గుగ్గిలంలా ఉంది. గేటు దగ్గర గొడుగు ముడుస్తున్న నాన్నని చూసి ఒక్కసారి ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు నీకు? నేనింకా కబురు పంపలేదే."

"ఎవులూ సెప్పనేదమ్మగారూ. వాన పడింది కదా అని వొచ్చినాను."

"అంటే పట్టేస్తుందని నీకు ముందే తెలుసన్నమాట."

"తెలుసండి."

అబద్ధం చెబితే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. ఆవిడ పీట మీదకి కూడా పోకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది. "తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"ఎండల్లో సెప్తే మీరేటనేవోరండీ? సందు వదిలేసి, పని సేతకాక సాకులు సెప్తన్నాడనేవోరు. మీరు ఆకు దూరకూడదన్నారు, దూరకుండా సేసినాను. వానకి పడతాది, పడితే నానొస్తాను. అదీ పన్లోదే కదండి."

ఆవిడ తప్పుకుని దారిచ్చింది. నాన్న తలుపు విప్పి పెరటి వరండాలోకి మోసుకుపోయాడు. అక్కడ జల్లు కొడుతోంది, మడిచీరతో ఉన్న ఆవిడ తడుస్తానని అటు రాలేదు. నన్ను గోడవారన కూర్చోబెట్టుకుని, లోపల పీట మీద నుంచే చెవులు అటు వేసింది. రందా చప్పుడు సరసరమని వినిపిస్తుంటే తలుపు చాటు నుంచి పొట్టు చుట్టలు గాలికి దొర్లుకుంటూ గడప దాకా వచ్చాయి. కాసేపటికి నాన్న తలుపు తెచ్చి బిగించాడు. వెన్నలో చాకులా తిరిగింది. ఆవిడ తమలపాకు తీసింది. దూరలేదు. నాన్న ఆ చెక్కపొట్టంతా తనే చీపురు అడిగి ఊడ్చి ఎత్తాడు. ఆవిడ ఇస్తానన్నది తీసుకోలేదు. దాంతో ఆవిడ అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది. ఊరకే పోతున్నాడేమిటని గేటు దాకా వచ్చి మమ్మల్ని వీధి మలుపు తిరిగేదాకా చూసింది.

అంత చేసినా మేడ మీద గదుల తలుపులు మాకు రాలేదు. అవి పేరున్న ఇంకో వడ్రంగి మిస్త్రీకి పోయాయి. ఆ కబురు విన్న రోజు అమ్మ ట్రంకు పెట్టె దించి, పల్లెకి పట్టుకెళ్ళేవీ ఇక్కడ పడేసేవీ వేరు చెయ్యడం మొదలుపెట్టింది. నాన్న మాత్రం కార్తీకం వెళ్ళాక, గాలి పొడిగా అయిన రోజుల్లో మళ్ళీ సంచి భుజాన వేసుకున్నాడు. ఈసారి తలుపు మడత బందులకి నూనె వేస్తానని వంక. అప్పుడు కూడా తలుపు విప్పి పెరట్లోకి తీసుకెళ్ళాడు. తెచ్చి బిగించాక ఆవిడ ఆకు పెట్టి చూసింది, అప్పుడూ దూరలేదు. ఆవిడ ఆకు చేతిలో పట్టుకుని నాన్నని ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా, వానల్లో చిత్రిక పట్టి అంత పొట్టు తీశావు. చలికాలంలో చెక్క బిగదీసుకోవాలి కదా. తీసిన చెక్క మళ్ళీ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మంచి టేకండమ్మగారూ. దాని గుణం అలాటిది" అన్నాడు నాన్న, ఎటో చూస్తూ.

నాకు కూడా ఆ జవాబు నమ్మబుద్ధి కాలేదు. ఆవిడ మాత్రం రెట్టించలేదు. "మంచి టేకే" అని ఆకుకి సున్నం రాసుకుని నోట్లో పెట్టుకుంది. ఆవిడ ఒక ప్రశ్న వేసి జవాబు పిండకుండా వదిలెయ్యడం నేను చూడడం అదే మొదలు.

మరుసటి వానలకి మేడ మీద తలుపులన్నీ పట్టేశాయి. ఆ మిస్త్రీ కబురు మీద కబురు పంపగా వచ్చి నిజంగానే చిత్రిక పట్టి పోయాడు. చలికాలం వచ్చేసరికి వాటి సందులు వేలు దూరేంత అయ్యాయి. ఆవిడ ఆకు పట్టుకుని మేడ మీదకి వెళ్ళి, కిందకి దిగి, నాన్న చేసిన వంటింటి తలుపులో దూర్చి చూసి, మళ్ళీ మేడెక్కిందట. తర్వాత కొట్టులో మనిషి మా ఇంటికి వచ్చాడు. "అమ్మగారు తలుపులన్నీ విప్పి మళ్ళీ పెట్టమంటున్నారు. ఆ అమ్మాయిని కూడా తీసుకురమ్మన్నారు" అన్నాడు. అమ్మ ట్రంకు పెట్టె మళ్ళీ అటక మీద పెట్టించింది.

ఆవిడ ఇల్లు అయ్యాక పక్కిల్లు, దాని తర్వాత ఎదురిల్లు. నాన్న రిటైరైనప్పుడు మేము లారీ మాట్లాడుకోలేదు. మలంచాలోనే రెండు గదులు అద్దెకి తీసుకుని, సామాను రిక్షాల్లో తెచ్చుకున్నాం. నా చదువు సాగింది, ఇక్కడి తెలుగు బడిలోనే టీచర్నయ్యాను. ప్రతి ఏడూ తొలివానకీ, కార్తీకం వెళ్ళాకా నాన్న ఆ తలుపు దగ్గరికి పోవడం మానలేదు. ఆవిడ పీట వేసుకుని కూర్చోవడమూ మానలేదు. ఏదో ఒకటి తప్పు పట్టేది. గుమ్మం మీద మట్టి అడుగు పడిందనో, మరమేకు ఒకటి ఏటవాలుగా ఉందనో అనేది. నాన్న తల వంచుకుని సరిచేసేవాడు. మేము తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ సుభద్ర చేత చెగోడీల పొట్లం పంపేది, "ఉప్పెక్కువైంది, పారెయ్యడం ఎందుకని" అని పొట్లంతో పాటు ఒక మాట కూడా అంటించి. ఆ చెగోడీల్లో ఉప్పు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

ఒక ఏడు మాత్రం నాన్న వెళ్ళలేకపోయాడు. వానల ముందే టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాడు. జ్వరం కంటే ఆ తలుపే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. "పట్టేసుంటాది ఈపాటికి. ఇంకెవుళ్ళనో పిల్సుంటాది" అని గొణిగేవాడు. ఎవరినైనా పంపమంటే ససేమిరా అన్నాడు, ఆ తలుపు ఇంకొకడి చేతికి తెలియదన్నాడు. నాకు అర్థం కాలేదు, తలుపులో తెలిసేది ఏముంటుంది? లేచి తిరగ్గలిగాక, వస్తున్నానని చెప్పి రమ్మని నన్ను పంపాడు. నేను వెళ్ళేసరికి బయట వాన పడుతోంది, కనకరత్నమ్మ గారు వంటింట్లోంచి వచ్చింది. వంటింటి తలుపు ఆవిడ వెనకాల చప్పుడు లేకుండా, తేలిగ్గా మూసుకుంది. ఇంకెవరో వచ్చి చేసేశారు. మా పని పోయింది.

"నాన్న రేపొస్తానన్నాడండి" అన్నాను.

"రమ్మను. చచ్చేట్టు పట్టేసింది. నెట్టలేక చేతులు పడిపోతున్నాయి" అంది ఆవిడ, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ.

అబద్ధమని నాకు తెలుసు. ఎందుకాడుతోందో తెలియలేదు. నాన్నని పిలిపించి నలుగురిలో పరువు తీస్తుందని భయపడ్డాను, ఆయనకి మాత్రం చెప్పలేదు. మర్నాడు ఒక్కడే రిక్షాలో వెళ్ళాడు, నాకు బడి ఉంది, ఆడతోడు కావాలన్న షరతు ఆవిడ ఎప్పుడో వదిలేసింది. సాయంత్రం నేను వచ్చేసరికి వరండాలో కూర్చుని ఉన్నాడు, పక్కన చెగోడీల పొట్లం. జ్వరం తిన్న ముఖంలో ఏదో వెలుగు. "తలుపు గట్టిగా పట్టేసుంది అమ్మీ. ఎవులి సేతా ముట్టించనేదు ఆవిడ" అన్నాడు. తర్వాత తనలో తనే కాసేపు నవ్వుకున్నాడు. నిన్న అంత తేలిగ్గా మూసుకున్న తలుపు ఇవాళ ఎలా పట్టేసింది? ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. నాన్నా పోయాడు, ఆవిడా పోయింది.

తలుపు మా ఇంటికి వచ్చాక తపన్ మిస్త్రీని పిలిచాను. ఇందా నుంచి వస్తాడు, నడివయసు మనిషి, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పెరిగాడు కాబట్టి తెలుగు వచ్చు, మధ్యమధ్య బెంగాలీ దొర్లుతుంది, పిన్నీ అనడానికి మాసీమా అంటాడు. పని అయ్యాక ఫోన్ ముందు పెట్టి, "మాసీమా, నాకు ఐదు చుక్కల రేటింగ్ ఇవ్వండి" అని అడిగే రకం. పండక్కి పండక్కి పూల బొమ్మలు, శుభాకాంక్షలు పంపుతాడు. పని తెచ్చుకోవడానికి ఇప్పటివాళ్ళకి అవే దారులు. అతను అవి పంపేవాళ్ళ జాబితాలో నా పేరు ఎన్నో వరసలో ఉందోనని అనుమానిస్తాను. అతను పని చేస్తుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను కూడా. కూర్చున్నాకే గుర్తొస్తుంది నేనెవరిలా కూర్చున్నానో.

పాత బందులు విప్పుతూ తపన్ ఆగాడు. "మాసీమా, దేఖున్. బందు కింద చెక్క పెట్టినాడు."

బందు వెనకాల, తలుపు చెక్కలో కాస్త లోతుగా ఉలితో తీసిన గాడిలో, పలచటి టేకు బద్ద ఒకటి ఒదిగి ఉంది. కింద బందుకీ అలాంటిదే. తపన్‌కి వెంటనే తెలిసిపోయింది. "వానలో తలుపు ఉబ్బుతుంది, ఈ బద్ద తీసెయ్యాలి, తలుపు ఇటు జరిగి సందొస్తుంది. ఎండలో మళ్ళీ పెట్టెయ్యాలి, సందు మూసుకుంటుంది. చిత్రిక అక్కర్లేదు. మాసీమా, ఈ తలుపు అంచుకి మొదట వేసిన పాలిష్ అలాగే ఉంది. దీన్ని ఒక్కసారి కూడా చిత్రిక పట్టలేదు."

నేను వెళ్ళి తలుపు అంచు తడిమాను. నిజమే. మరి ఆ సరసర చప్పుడు? గడప దాకా దొర్లుకొచ్చిన ఆ పొట్టు? సంచిలో ప్రతి ఏడూ వెళ్ళిన ఆ టేకు ముక్క గుర్తొచ్చింది. అది ఏడాదికేడాది సన్నబడుతూ, చివరికి స్కేలు బద్దలా అయిపోయింది. అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టబోతే నాన్న లాక్కున్నాడు కూడా. పెరటి వరండాలో చిత్రిక పట్టింది ఆ ముక్కని. అంటే నేను అనుమానించింది నిజమే, మా నాన్న ఆవిడ ముందు నాటకం ఆడాడు. రెండు మరలు తిప్పితే అయిపోయే పని అని చెబితే ఆవిడకి ఆయన అవసరమే ఉండదు. చెప్పకుండా నిజంగా చిత్రిక పడితే తలుపు పాడవుతుంది. తలుపుని కాపాడాడు, తన దారినీ కాపాడుకున్నాడు. నాకు కోపం రావాలి. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

అప్పుడే కింద బందు మరలు కనిపించాయి. వాటి తలలు చెక్కుకుపోయి, గాడి చీలిపోయి ఉన్నాయి. మా నాన్న చేతి కింద మర తల అలా అవ్వదు. అవ్వనిస్తే అన్నం తినేవాడు కాదు. ఎవరో చెయ్యి పెట్టారు. వెంటనే సుభద్రకి ఫోన్ చేశాను, బహుశా కాస్త గట్టిగానే అడిగి ఉంటాను, ఈ తలుపు మీద ఎవరు చెయ్యి వేశారని.

సుభద్ర అటు నుంచి నవ్వింది. "మా అత్తయ్యగారే. కూరగాయల చాకుతో. మీ నాన్నగారికి జ్వరం వచ్చిన ఏడు. వంటింట్లో ఇరుక్కుపోతున్నాం, ఇంకెవర్నైనా పిలుద్దామంటే ఒప్పుకోలేదు. చాకు తీసుకుని కూర్చుని ఆ బద్దలు తనే తీసేశారు. ఆవిడకి మొదటి చలికాలం నుంచే తెలుసండీ. పెరటి కిటికీ రెక్క కొంచెం తెరిచి చూశారట."

"మరి నేను వచ్చి చెప్పాక?"

"మీరు అటు వెళ్ళగానే మళ్ళీ బద్దలు పెట్టించారు. నేను పట్టుకున్నాను, ఆవిడ మరలు బిగించారు. తలుపు మూసుకోకపోతే ఇద్దరం భుజం పెట్టి నెట్టి మూశాం. ఎందుకత్తయ్యా ఇదంతా అంటే, 'వచ్చినవాడికి పని లేకపోతే మళ్ళీ రాడే. నాకు తెలుసని తెలిస్తే సిగ్గుపడి అసలే రాడు. ఇంత నమ్మకంగా మోసం చేసేవాడు నాకు ఎక్కడ దొరుకుతాడు?' అన్నారు."

ఫోన్ పెట్టేసి ఆ మరల ఎదురుగా చాలాసేపు కూర్చున్నాను. తాడిని తన్నేవాడు ఉంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని సామెత. ఆ ఇంట్లో ఎవరు ఎవరి తల దన్నారో తేల్చుకోవడం నా వల్ల కాలేదు. ఎందుకంటే ఆ మరలు చూడకుండా మా నాన్న ఆ తలుపు విప్పలేడు. జ్వరం నుంచి లేచి వెళ్ళిన ఆ రోజు స్క్రూ డ్రైవర్ పెట్టగానే ఆయనకి చాకు గాట్లు కనిపించి ఉంటాయి. ఆవిడకి తెలుసని ఆయనకి తెలిసిపోయి ఉంటుంది. ఇంటికొచ్చి వరండాలో తనలో తను నవ్వుకున్నది అందుకే. ఏటవాలుగా ఉన్న మరని కూడా ఓర్చుకోలేని మనిషి ఆ చెడిపోయిన మరలని మార్చకుండా అలాగే బిగించి వచ్చాడు. ఆ తర్వాత కూడా ప్రతి వానకీ సంచిలో టేకు ముక్క వేసుకునే వెళ్ళాడు. పెరట్లో సరసరమని చిత్రిక పట్టాడు. లోపల ఆవిడ పీట మీద కూర్చుని విన్నది.

"ఈ మరలు పాడైపోయాయి మాసీమా, కొత్తవి వేస్తాను" అన్నాడు తపన్.

"అవే వెయ్యి" అన్నాను. అతను వాటితోనే తలుపు బిగించి, బద్ద ఎలా తియ్యాలో, మళ్ళీ ఎలా పెట్టాలో ఓపిగ్గా చూపించాడు. స్క్రూ డ్రైవర్ ఒకటి నా సొరుగులో పెట్టి, "ఇంక మీకు నన్ను పిలిచే పని లేదు" అన్నాడు. ఇప్పటివాళ్ళు ఏదీ దాచరు. అది మంచిదే కావచ్చు. మళ్ళీ ఇటు రావడం ఇష్టం లేక అన్నాడేమోనని ఒక పూటంతా అనుమానపడ్డాను.

నిన్న తొలివాన పడింది. ఇవాళ పొద్దున్న వంటింటి తలుపు పట్టేసింది. నెట్టి చూశాను, భుజం పెట్టాను, సొరుగులో స్క్రూ డ్రైవర్ ఉందని కూడా తెలుసు. తపన్‌కి ఫోన్ చేశాను.

"మాసీమా, చూపించాను కదా. రెండు బద్దలు తీసెయ్యడమే."

"నాకు చేత కావడం లేదు. నువ్వే రా."

"ఠీక్ ఆఛే, వస్తాను."

"రందా కూడా తెచ్చుకో" అన్నాను.

"రందా ఎందుకు మాసీమా, దీనికి?"

"తెచ్చుకోమన్నాను కదా" అని ఫోన్ పెట్టేసి, గడప ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.